ఆ ‘మేము’లో నేను లేను

ఇంగ్లీషువాడికి ‘వి’ ఒక్కటే. మనకు రెండున్నాయి. ‘మనం’ అంటే ఎదుటి మనిషిని కలుపుకున్నట్టు, ‘మేము’ అంటే ఆ మనిషిని గుమ్మం బయట నిలబెట్టినట్టు. మాటలు వచ్చిన ప్రతి పిల్లకీ ఈ తేడా తెలుసు, ఎవరూ నేర్పక్కర్లేదు. నాకు మాత్రం మూడేళ్లపాటు రోజూ నేర్పినాయన ఒకరున్నారు. విజయవాడ గవర్నరుపేటలో ఆడిటరు. డెబ్బయ్యో దశకంలో నేను ఆయన దగ్గర ఆర్టికల్స్ చేశాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. మాట్లాడగలిగినవాళ్లు మాట్లాడుకోనివ్వండి, నేను అడ్డం రాను.

ఆర్టికల్స్ అంటే తెలియనివాళ్లకు చెప్తాను. చార్టర్డ్ అకౌంటెంటు కావాలంటే పుస్తకాలు చదివితే చాలదు. ఒక ఆడిటరు దగ్గర కొన్నేళ్లు కూర్చుని పని నేర్చుకోవాలి. గడువు తీరాక ఆయన ‘ఈ మనిషి నా దగ్గర సక్రమంగా పని నేర్చుకుంది’ అని సంతకం పెట్టాలి. ఆ సంతకం ఉంటేనే ఆఖరి పరీక్షకు కూర్చోనిస్తారు. లేకపోతే చేసిన చాకిరీ అంతా కృష్ణలో కలిసినట్టే. అందుకని ఆ మూడేళ్లూ ఆర్టికల్ పిల్లల ప్రాణం ఆడిటరు గారి కలంలో ఉంటుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. తెలియనట్టు రెండు వైపులా నటించేవాళ్లం, అంతే.

ఆ రోజుల్లో మా ఊళ్లో ఆడపిల్లను ఆర్టికల్స్‌కు తీసుకునే ఆడిటరు లేడు. అందులోనూ మేము క్రైస్తవులం. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ మిషను ఆసుపత్రిలో నర్సు. ఈ ఆడిటరు గారికి షుగరు జబ్బు. రోజూ పొద్దున టిఫిను చెయ్యకముందే ఇన్సులిన్ సూది వేయించుకోవాలి. అమ్మ డ్యూటీకి వెళ్తూ దారిలో ఆయన ఇంటి దగ్గర ఆగి ఆ సూది వేసి వెళ్లేది. వేసే ముందు ఒకసారి, వేశాక ఒకసారి అడిగేది.

“మా పిల్లకి లెక్కలు బాగా వచ్చండీ. మీ దగ్గర చేర్చుకోండయ్యా.”

“ఆడపిల్లకి ఆడిటేంటమ్మా? టైపు నేర్పించు. బ్యాంకులో ఎవరికన్నా చెప్తాలే.”

మర్నాడు మళ్లీ అదే మాట. సూది పట్టుకున్న మనిషి అడుగుతుంటే ఎవరైనా ఎన్నాళ్లని కాదంటారు? చివరికి సరేనన్నాడు. అమ్మ ఇంటికొచ్చి మోకాళ్ల మీద కూర్చుని దేవుడికి స్తోత్రం చెప్పుకుని, నన్ను పిలిచి ఒకటే మాట చెప్పింది. “నోరు మూసుకుని పని నేర్చుకో. నీ నోరు నాకు తెలుసు.”

ఆఫీసు మేడ మీద. కింద కాగితాల హోల్‌సేల్ దుకాణం, పైకి చెక్కమెట్లు. గదిలో నీళ్ల కూజా, దాని పక్కన స్టీలు గ్లాసులు. నాకు మాత్రం కిటికీలో ఒక గాజు గ్లాసు పెట్టించారు. ఎందుకని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నేను కూజా ముట్టుకోకూడదు. ఎవరో ఒకరు పైనుంచి పోస్తే తాగాలి. రోజూ పొద్దున మా అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, దూదితో తుడిచి, సూది గుచ్చి వచ్చేది. సూదికి అడ్డం రాని మడి గ్లాసు దగ్గరికొచ్చేసరికి అడ్డం వచ్చేది. ఇదేం వింతో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

ఆడిటరు గారి మేనల్లుడు కూడా అక్కడే ఆర్టికల్స్. నాకంటే ఒక ఏడాది ముందు చేరాడు, తన గడువు తీరాక కూడా మామ ఆఫీసు వదల్లేదు. బెల్‌బాటం ప్యాంటు, చెవులు కప్పే జుట్టు, నోట్లో ఎప్పుడూ సోంపు. మామ తానా అంటే తందానా అనేవాడు. నన్ను ‘సిస్టరమ్మ’ అనేవాడు. మా అమ్మ నర్సని ఒకటి, మేము చర్చికి వెళ్తామని ఒకటి, రెండు వెక్కిరింతలూ ఒకే మాటలో కుదిరాయని వాడికి మహా సంబరం. మామా అల్లుళ్లు ఏదైనా గుసగుసలాడుతుంటే నేను తలెత్తి చూస్తే, “మనం మనం బరంపురం, సిస్టరమ్మా! నువ్వు పని చూసుకో” అని కన్నుగీటేవాడు.

ఆడిటరు గారు అంత మోటుగా అనేవాడు కాదు. ఆయనది వేరే పద్ధతి. “రేపు మేము మిల్లుకి వెళ్తున్నాం. నువ్వు ఈ వోచర్లు చూడు.” “మేము కంపెనీవాళ్లతో మాట్లాడాం. నువ్వు టైపు చేయించు.” ఆయనా, మేనల్లుడూ, టైపిస్టూ, ఆఖరికి కాఫీలు తెచ్చే మనిషి కూడా ఆ ‘మేము’లో ఉండేవాళ్లు. నేను ఎప్పుడూ ‘నువ్వు’నే. మూడేళ్లలో ఒక్కసారి, పొరపాటునైనా, ‘మనం ఈ పని చేద్దాం’ అని నాతో అనలేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ మాట నాకు కావాలి. ఆయనంటే ఒళ్లు మంట. అయినా ఆ మాట ఆయన నోటి నుంచే రావాలి. ఇంటికొచ్చి పళ్లు నూరుకునేదాన్ని, మర్నాడు మళ్లీ చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని.

నా గడువు ఇంకొన్ని నెలల్లో తీరుతుందనగా అట్టల కంపెనీ పని వచ్చింది. వరిగడ్డిని ఉడకబెట్టి అట్టలు చేసే ఫ్యాక్టరీ. ఉయ్యూరు అవతల, కాలవ గట్టు మీద. డెల్టాలో కోతలయ్యాక గడ్డికి కొదవేముంది? బళ్ల మీద తెచ్చి వాములు వేసేవాళ్లు. ఆ కంపెనీవాళ్లకు జనానికి షేర్లు అమ్మాలనీ, ఆ షేర్లను మద్రాసు స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్టు చేయించాలనీ కోరిక పుట్టింది. దానికి ప్రాస్పెక్టస్ అని ఒక పుస్తకం వెయ్యాలి. అందులో కంపెనీ వెనకటి లెక్కల మీదా, ఆస్తుల మీదా ఆడిటరు రిపోర్టు ఉండాలి. మా ఊళ్లో ప్రాస్పెక్టస్ అంటే కాలేజీ సీటు కోసం కొనే పుస్తకం. ఆ కంపెనీ డైరెక్టర్లలో ఒక రైతు పెద్దాయన మా ఆఫీసుకొచ్చి, “ఇందులో ఫీజు ఎంతని వేస్తారండీ? డొనేషను విడిగానా?” అని అడిగాడు. ఆయన వెళ్లాక ఆఫీసంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు కూడా ఎవరూ నావైపు చూసి నవ్వలేదు.

షేర్లు అమ్మిపెట్టే మద్రాసు సంస్థవాళ్లు ఒక మెలిక పెట్టారు. లిస్టింగు రిపోర్టులు రాయడం మామూలు ఆడిట్ లాంటిది కాదు, ఊరూ పేరూ తెలియని జనం ఆ కాగితం నమ్మి డబ్బు పెడతారు, కనుక ఈ పని చేసే ఆడిటర్లు ముందు మద్రాసులో వారం రోజుల క్లాసులకు రావాలి, తాము రాసిన రిపోర్టు అక్కడ చూపించాలి, అది బాగుందంటే ఒక సర్టిఫికెట్ ఇస్తారు, ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్ల రిపోర్టే తీసుకుంటాం అన్నారు. మా ఆడిటరు గారు మండిపడ్డాడు. “ఇన్నేళ్ల సర్వీసు తర్వాత నన్ను మళ్లీ బడికి పొమ్మంటారా?” అని టేబులు గుద్దాడు. కానీ విజయవాడలో లిస్టింగు పని చెయ్యగలిగిన మొదటి ఆడిటరుగా తన పేరు మోగుతుందని కూడా లెక్క వేసుకున్నట్టున్నాడు. సరే, వస్తానని రాశాడు.

రిపోర్టు రాయాలంటే ఫ్యాక్టరీలో గడ్డి ఎంత ఉందో, ఎలా ఉందో చూడాలి. కంపెనీ ఆస్తిలో పెద్ద భాగం ఆ గడ్డే. ఆడిటరు గారు ఎండకు ఓర్చుకోలేనని మేనల్లుణ్ణి పంపాడు. రాసిపెట్టడానికి నన్ను వెంట వెళ్లమన్నాడు. బస్సులో వాడు ముందు సీట్లో, నేను వెనక ఆడవాళ్లతో. ఫ్యాక్టరీకి చేరాక వాడు మేనేజరు గదిలో ఫ్యాను కింద కూర్చుని చెరుకురసం తెప్పించుకున్నాడు. కిటికీలోంచి వాములు కనిపిస్తున్నాయి. అక్కణ్ణించే వేలు చూపించి, ఒకటి, రెండు అని లెక్కపెట్టి, “రాసుకో సిస్టరమ్మా” అన్నాడు.

నేను లేచి వాముల దగ్గరికి నడిచాను. ఎండలో పసుపుపచ్చగా, నున్నగా దువ్వినట్టు నిలబడి ఉన్నాయి. డెల్టాలో పుట్టినవాళ్లెవరూ గడ్డివామును కళ్లతో మాత్రమే చూడరు. పాడిగేదె ఉన్న ఇంట్లో పసిపిల్ల కూడా లోపలికి చెయ్యి పెట్టి లాగి చూస్తుంది. నేనూ పెట్టాను. మోచేతి దాకా వెళ్లేసరికి లోపల సెగ. పిడికిలి బిగించి లాగితే నల్లగా, జిగటగా, పుల్లటి కంపు కొడుతూ వచ్చింది. వానల్లో తడిసిన గడ్డిని ఆరబెట్టకుండా వాము వేసి, పైన కొత్త గడ్డి కప్పారు. పక్క వాములోనూ అంతే, దాని పక్క వాములోనూ అంతే. పైన పటారం, లోన లొటారం.

సాయంత్రం ఆఫీసుకొచ్చి చెప్పాను. ఆడిటరు గారు కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు.

“నిన్నెవరు చెయ్యి పెట్టమన్నారు?”

“గడ్డి చూసి రమ్మన్నారు కదండీ.”

“చూడమన్నాను. కెలకమన్నానా?”

మేనల్లుడు కిసుక్కుమన్నాడు. ఆడిటరు గారు రిపోర్టు డిక్టేట్ చెయ్యడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషులో మొదటి మాటే ‘వి హావ్ ఎగ్జామిన్డ్’, అంటే మేము పరిశీలించాము. గడ్డి నిల్వ ఉందనీ, సరుకు బాగుందనీ రాయించాడు. నా కలం ఆగిపోయింది.

“ఎవరు పరిశీలించారండీ?” అన్నాను. అమ్మ చెప్పిన ‘నోరు మూసుకో’ అప్పటికే చెక్కమెట్లు దిగి వెళ్లిపోయింది.

“ఎవరంటే? మేము.”

“చెయ్యి పెట్టి చూసింది నేనొక్కదాన్నే కదండీ.”

“అందులో నువ్వు లేవు. ఆ ‘వి’ అంటే ఆఫీసు. రాయి.”

రాశాను. కోపంతో కాగితం చిరిగేంత ఒత్తి రాశాను. ఎవరూ లేని ఆఫీసు ఒకటి లేచి, నడిచి వెళ్లి, చెయ్యి పెట్టి చూసి వచ్చిందన్నమాట. దానికి మళ్లీ ఒక సంతకం.

మద్రాసుకు ఒక సహాయకుణ్ణి తెచ్చుకోవచ్చన్నారు. మేనల్లుడు కొత్త చొక్కాలు కుట్టించుకున్నాడు. మెరీనా బీచిలో ఏమేం చేస్తాడో వారం ముందు నుంచే మాకందరికీ వినిపించాడు. ప్రయాణం దగ్గరపడగానే గవదబిళ్లలు వచ్చి పడ్డాయి. రెండు బుగ్గలూ బూరెల్లా పొంగి, నోరు తెరవలేక, మెడకు తువ్వాలు చుట్టుకుని మంచం మీద పడ్డాడు. నేను ఆ ఆదివారం చర్చిలో కృతజ్ఞతార్పణ ఇచ్చాను. దేవుడు క్షమించాలి గానీ, మనసారా ఇచ్చాను.

ఇంకో చిక్కు వచ్చింది. మద్రాసులో వారంపాటు ఆయనకు సూది ఎవరు వేస్తారు? తెలియని చెయ్యి ఆయన పడనివ్వడు. అమ్మను రమ్మన్నాడు. అమ్మ ఆసుపత్రిలో సెలవు పెట్టి, “మా అమ్మాయిని ఒక్కదాన్నీ ఇంట్లో వదిలి ఎట్టా వస్తానండీ? దాన్ని కూడా తీసుకెళ్దాం. ఆ సహాయకుడేదో అదే అయితే సరిపోద్దిగా” అంది. అమాయకంగానే అంది. అమ్మ అమాయకత్వం మీద నాకు ఎప్పుడూ కొంచెం అనుమానమే. మొత్తానికి మద్రాసు మెయిలులో ఆయన ఫస్టు క్లాసులో, మేమిద్దరం ఆడవాళ్ల పెట్టెలో బయల్దేరాం.

క్లాసులు ఒక పెద్ద హాల్లో. ఫ్యాన్లు గిరగిరా తిరుగుతున్నా జిడ్డు చెమట. నాలుగు రాష్ట్రాల నుంచి ఆడిటర్లు వచ్చారు. ముందు వరసల్లో వాళ్లు, వెనక వరసల్లో మాలాంటి సహాయకులు. అంతమంది మగవాళ్ల మధ్య చీర కట్టుకున్నది నేనొక్కదాన్నే. పాఠం చెప్పినాయన సన్నగా, పొడుగ్గా, తెల్లచొక్కా వేసుకున్న తమిళ పెద్దాయన. కేకలు వెయ్యడు, పొగడడు. ఎవరు రిపోర్టు చదివినా ఒక్కటే అడుగుతాడు. “ఇది మీకు ఎలా తెలుసు?” ఆ ప్రశ్నకు ఎంత పెద్ద పెద్ద ఆడిటర్లు గొంతు సవరించుకున్నారో నేను వెనక కూర్చుని చూస్తున్నాను. నాకు మహా ఉషారుగా ఉంది. మూడేళ్లలో మొదటిసారి పని నేర్చుకుంటున్నట్టు అనిపించింది.

ఆఖరి రోజు మా ఆడిటరు గారి వంతు. లేచి, గంభీరంగా రిపోర్టు చదివాడు. తమిళ పెద్దాయన విని, “గడ్డి ఎవరు చూశారు?” అన్నాడు.

“వి,” అన్నాడు మా ఆడిటరు గారు.

“ఇంగ్లీషులో ఈ సుఖం ఒకటుంది. ‘వి’ అంటే చాలు, ఎవరో చెప్పక్కర్లేదు. మా తమిళంలో అలా కుదరదు. ‘నామ్’ వేరు, ‘నాంగళ్’ వేరు. మీ తెలుగులో కూడా రెండున్నాయి కదా. మీది ఏ ‘వి’?”

హాల్లో దక్షిణాదివాళ్లంతా నవ్వారు. మా ఆడిటరు గారూ నవ్వాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగి నన్ను వెతుక్కుని, తెలుగులో, తియ్యగా అన్నాడు.

“ఏమ్మా, మనం చూశాం కదా? మనం చెయ్యి పెట్టి మరీ చూశాం కదమ్మా, గడ్డి బానే ఉంది కదా?”

మనం! నేను మూడేళ్లు కూజా నీళ్ల కోసం చెయ్యి చాపి నిలబడ్డ పిల్లను, ఒక్క ‘మనం’ కోసం కుక్కలా కాచుకున్న పిల్లను. ఇన్నాళ్లకు వచ్చింది ఆ మాట, అబద్ధంలో వాటా పంచడానికి. చెయ్యి పెట్టినందుకు తిట్టిన మనిషికి ఇప్పుడు నా చెయ్యి కావాలి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు కాదు, మంట. లేచి నిలబడ్డాను.

“నేను చూశానండీ. లోపలంతా కుళ్లిపోయింది. మీరు చూళ్లేదు.”

తమిళ పెద్దాయనకు తెలుగు రాదని మా ఆడిటరు గారి ధీమా. మద్రాసులో ఆ వయసు మనిషికి తెలుగు రాకపోవడమేమిటి? ఆయన నావైపు చెయ్యి ఊపి, తెలుగులోనే, “కూర్చోమ్మా” అన్నాడు. తర్వాత ఆడిటరు గారితో ఇంగ్లీషులో, “మీరు వెళ్లి చూసి, మళ్లీ రాసి పంపండి. అప్పుడు సర్టిఫికెట్ పంపిస్తాం” అన్నాడు. సాయంత్రం అందరూ సర్టిఫికెట్లు తీసుకుని ఒకరి చేతులు ఒకరు ఊపుకుంటుంటే మా ఆడిటరు గారు గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున సూదికి చెయ్యి చాపాడు గానీ అమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు.

బెజవాడ వచ్చాక నాకు నరకం మొదలైంది. నాతో ఎవరూ మాట్లాడరు. కిటికీలో గాజు గ్లాసు మాయమైంది, కొత్తది ఎవరూ పెట్టలేదు. నేను ఇంటి నుంచి సీసాలో నీళ్లు తెచ్చుకునేదాన్ని. గడువు తీరింది. పరీక్షకు పంపాల్సిన ఫారం తీసుకెళ్లి ఆయన టేబులు మీద పెట్టాను. ఆయన దాన్ని తాకలేదు.

“మద్రాసుకు ఒక ఉత్తరం రాసివ్వు. నువ్వు కంగారులో పొరపాటు మాట్లాడావనీ, గడ్డి మనం ఇద్దరం కలిసి చూశామనీ, బాగుందనీ. అది పంపిన రోజు ఇది సంతకం పెడతాను.”

“రాయనండీ.”

“అయితే ఇంటికెళ్లి కుట్లూ అల్లికలూ నేర్చుకో.”

మేనల్లుడి బుగ్గలు తగ్గాయి గానీ నోరు తగ్గలేదు. “పోయి పోయి గడ్డివాములో వేలు పెట్టావు కదా సిస్టరమ్మా, ఇప్పుడు ఆ గడ్డే తిను” అన్నాడు.

ఇంట్లో అమ్మ ఏడ్చింది. పెద్దమనిషికి నలుగురిలో ఎదురు చెప్పాననే ఆమె బాధ. “రాసిస్తే ఏం పోద్దే? ఒక ముక్క రాసి పారేయి. మూడేళ్లు ఆ మెట్లెక్కావు. నువ్వు పరీక్ష రాయకపోతే నేను రేపు ఎవరి ముఖం చూడాలి?”

“చూడకుండా చూశామని రాయమంటున్నాడమ్మా! ఆ పుస్తకం నమ్మి జనం డబ్బులు పెడతారు.”

అమ్మ ఏడుపు ఆపింది. “చూడకుండానా?”

“ఆయన అక్కడికి వెళ్లనే లేదు.”

“వెళ్లకుండా వెళ్లానని రాసుకున్నాడా?” మళ్లీ అడిగింది. “అదా గొడవ? ముందే చెప్పి చావచ్చుగా! నీ నోటిదూల అనుకున్నాను.” అమ్మ వార్డులో ఒకామె రోగికి మందు ఇవ్వకుండానే ఇచ్చానని చార్టులో రాసిందట. ఆ రోజే ఆమె యూనిఫాం విప్పించి పంపేశారట. అమ్మ ఆమె సంగతి ఎప్పుడు చెప్పినా దొంగల గురించి చెప్పినట్టు గొంతు తగ్గించి చెప్పేది. లేచి వెళ్లి సిరంజి మరగపెట్టుకునే గిన్నె తోముకుంది.

మర్నాడు పొద్దున నన్నూ వెంట రమ్మంది. ఆడిటరు గారింట్లో నేను వసారాలోనే నిలబడ్డాను. కిటికీలోంచి మాటలు వినిపిస్తున్నాయి.

“కూతురికి బుద్ధి చెప్పావా?” అన్నాడు ఆయన.

“ఒక్క మాట అడగాలండీ. ఇన్నేళ్ల నుంచీ మీకు రోజూ సూది వేస్తన్నాను. వెయ్యకుండా వేశానని ఏనాడన్నా చెప్పానా?”

“అదేం మాటమ్మా? అట్లా చెప్తే నా ప్రాణం పోదూ?”

“అదేనండీ.”

గిన్నెలోంచి సిరంజి తీసిన చప్పుడైంది.

“ఆ షేర్లు కొనుక్కునేవాళ్లవి మటుకు ప్రాణాలు కాదా అండీ?” అంది అమ్మ. “సరే, చెయ్యి చాపండి. టిఫిను వేళ దాటిపోతంది.”

సూది వేసి బయటికొచ్చింది. సంతకం పెట్టమని అడగనే లేదు. నాకు అమ్మ మీద కోపం వచ్చింది. అంత మాట అన్నదానివి, ఆ ఒక్కటీ అడగలేకపోయావా అని దారంతా సణిగాను. “అడిగేది అడిగాను” అని ఆసుపత్రి వైపు వెళ్లిపోయింది.

ఆ రోజు ఆడిటరు గారు ఆఫీసుకు రాలేదు. మర్నాడు నేను పొద్దున్నే వెళ్లేసరికి మేనల్లుడు ఒక లావుపాటి కవరుకు లక్క సీలు వేస్తున్నాడు.

“రిపోర్టు మద్రాసు వెళ్లిపోతోంది,” అన్నాడు.

“గడ్డి ఎవరు చూశారు?”

“మేము చూశాం. అని రాశాం. నీకేంటంట?”

నాకు నవ్వొచ్చింది. అదే ‘మేము’, అదే అబద్ధం, ఈసారి లక్క ముద్రతో. అంతలో ఆడిటరు గారు వచ్చాడు. పొడుగు చేతుల చొక్కా, బొత్తాలు మణికట్టు దాకా పెట్టుకుని. సొరుగులోంచి నా ఫారం తీసి, సంతకం పెట్టి, టేబులు మీదుగా నావైపు విసిరాడు. అది కింద పడింది. వంగి తీసుకున్నాను. నేను వంగడం చూసి ఆయన సంతోషించాడేమోనని నాకు మరీ మండింది.

“తీసుకో. రేపట్నుంచి ఈ మెట్లెక్కకు. ఒకటి గుర్తుపెట్టుకో, నీలాంటిదాన్ని ఎక్కడికెళ్లినా ఎవరూ కలుపుకోరు.”

“కలుపుకోకపోయినా ఫర్వాలేదండీ. అబద్ధాల్లో కలపకుండా ఉంటే చాలు.”

మెట్లు దిగుతుంటే మేనల్లుడు వెనక నుంచి ఏదో అన్నాడు. నేను తిరిగి చూడలేదు.

సాయంత్రం అమ్మ డ్యూటీ నుంచి వచ్చింది. ఫారం చూపించాను. కళ్లకద్దుకుని, బైబిల్లో పెట్టింది. అన్నం తింటూ నేను ఆయన్ని తిట్టడం మొదలుపెట్టాను. ఈసారి కూడా చూడకుండానే చూశామని రాసుకున్నాడనీ, అలాంటివాడి సంతకంతో పరీక్ష రాయాల్సి వచ్చిందనీ, సిగ్గులేని మనిషనీ, నోటికొచ్చినట్టల్లా తిట్టాను. అమ్మ చారు పోస్తూ వింది.

“ఇవాళ పొద్దున కుడిచేతికి వెయ్యలేకపోయానే,” అంది.

“దేనికి?”

“మోచేతి పైదాకా గీరలే. అంతా దద్దుర్లు లేచినయ్. గోళ్లల్లో నలుపు ఇంకా వదల్లా. ఎన్నిసార్లు కడుక్కున్నాడో, ఆ పుల్లటి కంపు అట్టాగే ఉంది. ఏంటండీ ఇది అంటే చెప్పలా. ఎడం చేతికి వేసొచ్చాను.”

నిన్న ఆయన ఆఫీసుకు రాకపోవడం గుర్తొచ్చింది. పొడుగు చేతుల చొక్కా గుర్తొచ్చింది. అమ్మ మళ్లీ చారు పోసింది. ఆయన మీద నాకున్న కోపాల్లో ఒకటి ఆ పూట పోయింది. మిగతావి ఉన్నాయి. గాజు గ్లాసుది ఇప్పటికీ అలాగే ఉంది.